ప్రేమ ఋణము



మరణము సంభవించిన యింట కొన్ని దినముల వఱకు జనులు నిండియుందురు. పండ్రెండవ దినము గడచిన పిమ్మట చాపలు చుట్టి మూలబెట్టుదురు. అరువు తెచ్చిన గుండిగలను తిరిగి పంపుదురు. దూరపు బంధువులు రైలు వేళ చూచుకొని బయలుదేరుదురు. నాటి సాయంకాలము ఆ యింట నొక ప్రశ్న మిగిలియుండును. పోయినవారి వస్తువులను ఏమి చేయవలెనో పెద్దలు చెప్పుదురు. చీరలు ఎవరికి, నగలు ఎవరికి, బ్యాంకులోని సొమ్ము ఎవరి పేరికి మాఱవలెను అనువానికెల్ల సమాధానము కలదు. వారియందు మనకు గల ప్రేమను ఏమి చేయవలెనో మాత్రము ఎవ్వరును చెప్పరు. దానిని పుచ్చుకొనవలసిన చేయి లేదు. విడిచిపెట్టుదమన్న మనకు చేతకాదు.

మేము న్యాయవాద వృత్తియందు ఇరువది యేండ్లకు పైగా గడపినవారము. వీలునామాలు వ్రాసితిమి, అన్నదమ్ముల విభాగ వ్యాజ్యములు నడపితిమి, తల్లి కాసులపేరు కొఱకు అక్కచెల్లెండ్రు ఒకరి మొగము ఒకరు చూడకుండుటయు చూచితిమి. మృతుని ఆస్తికి వారసులెవరో, అప్పులకు బాధ్యులెవరో శాసనము విభజించి చెప్పును. ప్రేమ ఆ రెండు పట్టికలలో దేనియందు చేరునో ఏ గ్రంథమునను మాకు కనబడలేదు. చాలకాలము మేము దానిని ఆస్తిగానే యెంచితిమి. నేడు అది ఋణమని తెలిసికొన్నాము. ఎట్లు తెలిసికొంటిమో మీ యెదుట దాచక చెప్పుటయే నేటి మా పని.

ఒక మాఘమాసమున మా సహధర్మచారిణి జ్వరముతో పడుకొని తొమ్మిదవనాడు కన్నుమూసెను. ఇరువదిరెండు సంవత్సరముల కాపురము. మేము దుఃఖించితిమి, అందు కపటము లేదు. తరువాత దుఃఖించువారు చేయు పనులను చేసితిమి. ఆమె చిత్తరువును పెద్దదిగా చేయించి ముందు గదిలో తగిలించితిమి. మా తోటలో ఆమె పేర చలువరాతి ఫలకమును నిలుపుటకు శిల్పికి బయానా ఇచ్చితిమి. ఆ రాతిపై చెక్కింపవలసిన వాక్యములను మూడు రాత్రులు కూర్చుండి దిద్దుకొంటిమి. మంచి వాక్యములు కుదిరినవని మాకు కొంత తృప్తి కూడ కలిగెను.

వైశాఖమున పన్ను లెక్కల కొఱకు పెట్టె తెఱవగా ఆమె వ్రాసికొన్న యింటి పద్దుల పుస్తకము దొరకెను. పాలు, బియ్యము, కూరగాయలు, పనిమనిషి జీతము అను పద్దుల నడుమ ప్రతి నెలయు మొదటి తేదీన ‘పాప చదువునకు 500’ అని యొక పంక్తి యుండెను. మాకున్నది ఒక్కడే కుమారుడు. వాడు దూరపు పట్టణమున కళాశాలలో చదువుచున్నాడు. మా యింట పాప లేదు. నాలుగేండ్ల పుస్తకములు తిరుగవేసితిమి. ఆ పంక్తి తప్పిన నెల లేదు. పుష్యమాసము వఱకు నడచి అక్కడ నిలిచిపోయినది.

మా యింట మా మేనత్తగారు ముప్పది యేండ్లుగా ఉన్నారు. ఆమెకు ఇరువదియైదవ యేట వైధవ్యము ప్రాప్తించెను. పుస్తకము పట్టుకొని ఆమె యొద్దకు పోయి అడిగితిమి.

“ఆ పాప ఎవరో నేనెఱుగుదును, అబ్బాయీ,” అని ఆమె చెప్పెను. “వీధి చివర బట్టలు ఇస్త్రీ చేయు ముసలమ్మ మనుమరాలు. పదవ తరగతి ముగియువఱకు నేను చూచుకొందునని నీ భార్య మాట యిచ్చినది. అది పోయిన తరువాత కూడ ఒకటవ తేదీన ఆ పిల్ల మూడు మాఱులు వచ్చినది. గేటు దగ్గఱ నిలుచుండి, నీ కక్షిదారులను చూచి, వెనుకకు మఱలిపోయినది.”

“మాకేల చెప్పలేదు?” అని కొంచెము కోపముతోనే అడిగితిమి.

“ఆ పిల్ల వచ్చునది ఉదయము. ఉదయమున నేను ముందు గదిలోనికి రాను గదా,” అని ఆమె బదులు చెప్పెను.

ఆ మాట మాకు వెంటనే బోధపడలేదు. తరువాత బోధపడెను. వితంతువు ఎదురు వచ్చిన కార్యము చెడునని మా తండ్రిగారి కాలమునుండి మా యింట నొక భయము కలదు. కావున మేము న్యాయస్థానమునకు బయలుదేరువఱకు ఆమె వెనుక వసారా దాటి వచ్చెడిది కాదు. ఈ నియమమును మేము విధింపలేదు. ఎన్నడును రద్దు చేయనూలేదు. స్త్రీవిద్యను గూర్చియు వితంతూద్ధరణమును గూర్చియు సభలలో ఉపన్యసించి యింటికి వచ్చిన వారము మేమే. మా యింటి వెనుక వసారాలో ముప్పది యేండ్లుగా ఒక గీత గీయబడి యుండినది. ఆ గీత వలననే, మా భార్య ఇచ్చిన మాట మూడు నెలలు గేటు దగ్గఱ నిలిచి వెనుకకు పోయినది.

చిత్తరువు, రాతి ఫలకము, దిద్దుకొన్న వాక్యములు మా ప్రేమకు గుఱుతులని మేము భావించుచుండగా, మా భార్య ప్రేమ ఒక బాలిక రూపమున మా గుమ్మము వఱకు వచ్చి మమ్ము చేరలేకపోయెను. పోయినవారిని ప్రేమించుట యనగా ఏమని ఆ రాత్రి మొదటిసారి ఆలోచించితిమి.

అప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రము. ఆయన తండ్రి ద్వారకానాథ ఠాకూరుగారు గొప్ప వర్తకులు, మహాదాతలు. 1846లో ఆయన లండనులో పరమపదించిరి. విగ్రహారాధనతో కూడిన శ్రాద్ధవిధిని తన మనస్సాక్షి యొప్పుకొనలేదని దేవేంద్రనాథుడు దానిని మానుకొనగా బంధువులు ఆగ్రహించి దూరమైరి. తండ్రియందు ప్రేమలేని కొడుకని లోకము తలచియుండవచ్చును. రెండేండ్లు తిరుగకముందే, 1848లో, తండ్రి స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీ దివాలా తీసెను. అప్పులవారు చుట్టుముట్టిరి. ఇట్టి దినము రావచ్చునని ద్వారకానాథుడు ముందే యెంచి కొన్ని జమీలను ట్రస్టు క్రింద భద్రపఱచియుండెను. శాసనరీత్యా అప్పులవారు ఆ భూములను తాకలేరు. కొడుకు వాటిని అనుభవించుచు సుఖముగా నుండవచ్చును. ఏ న్యాయస్థానమును తప్పుపట్టదు.

దేవేంద్రనాథుడు ఆ భూములను కూడ అప్పులవారి యెదుట పెట్టెను. వారు ఆశ్చర్యపడి, కరిగి, కొంతకాలమునకు ఆస్తి నిర్వాహమును ఆయన చేతికే యప్పగించిరి. ఆయన వ్యయము తగ్గించి, వైభవము విడిచి, సంవత్సరముల తరబడి శ్రమించి తండ్రి ఋణములను తీర్చెను. తండ్రి యొక ధర్మసంస్థకు వాగ్దానము చేసి చెల్లింపక విడిచిన లక్ష రూపాయలను కూడ వడ్డీతో చెల్లించెను. వాగ్దానమునకు పత్రమున్నదా, గడువు మించినదా యని ఆయన విచారింపలేదు. తండ్రి నోటినుండి వెడలిన మాట తన నోటిమాటయే యని యెంచెను. శ్రాద్ధమను పదమునకు శ్రద్ధ మూలము. ఆ తండ్రికి ఎవరు శ్రాద్ధము పెట్టినట్లో మీరే నిర్ణయింపుడు.

మన ప్రాచీన ధర్మశాస్త్రము తండ్రి ఋణమును తీర్చుట కుమారునకు పుణ్యబాధ్యత యని విధించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ, అటుపిమ్మట చేసిన అప్పుల విషయమున ఆ పుణ్యబాధ్యత యొక్కటే ఆధారముగా కుమారునిపై దావా నడువదని నిర్ణయించెను. న్యాయవాదులుగా ఆ సవరణ సమంజసమని మేమొప్పుకొందుము. తండ్రి చేసిన సాహసమునకు కొడుకును కట్టివేయుట న్యాయము కాదు. అయితే శాసనము చేయి వదలినచోటనే ప్రేమ చేయి పట్టుకొనవలెను. శాసనము బలవంతపెట్టి యిప్పించునది అప్పు. ఎవరును అడుగకున్నను మన నిద్ర చెఱచి తీర్పించుకొనునది ప్రేమ ఋణము.

ఇక్కడ కొందఱకు సందేహము కలుగవచ్చును. “దుఃఖములో నున్నవానికి లెక్కలు చెప్పుచున్నారేమి? ఏడ్వనిండు,” అని మీరనవచ్చును. ఏడ్చుట తప్పని మేమనము. కన్నీరు రాని వేదాంతము మాకు వలదు. మనస్సులో శోకమును అణచి, అంతయు మాయ యని పెదవులతో పలుకువారికంటె, కొంగు నోట కుక్కుకొని యేడ్చు తల్లియే సత్యమునకు దగ్గఱగా నున్నది. ప్రేమించినవాడు దుఃఖించును, దుఃఖము ప్రేమ చెల్లించు సుంకము. అయితే దుఃఖమునకు రెండు పెడత్రోవలు కలవు.

మొదటిది మఱపు. శ్మశాన వైరాగ్యమని మన పెద్దలు చెప్పిన మాట మీరెఱుగుదురు. చితి మండుచున్నంతసేపు లోకము బుద్బుదమని తోచును. స్నానము చేసి యింటికి వచ్చునప్పటికి కాఫీలో పంచదార చాలలేదని కోపము వచ్చును. ఇది మానవస్వభావము, దీనిని నవ్వుచు క్షమింపవచ్చును.

రెండవది యింతకంటె సూక్ష్మమైనది. అది దుఃఖమును పూజించుట. పోయినవారి గదికి తాళము వేసి, వారి చెప్పులను కదల్పక, ఎవరైన నవ్విన చిన్నబుచ్చుకొని, ఇంటిలో బ్రదికియున్న పిల్లలను మౌనముచే శిక్షించు వారిని మేము చూచితిమి. వీరు పోయినవారిని ప్రేమించుచున్నామని తలంతురు. తఱచుగా వారు ప్రేమించునది తమ గాయమునే. మా చలువరాతి ఫలకము కూడ ఈ రెండవ త్రోవలోనిదే యని యిప్పుడు మేమొప్పుకొనవలసియున్నది.

ఈ రెంటికిని నడుమ నడచిన మహనీయులను మన తెలుగునాడెఱుగును. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారికి 1889లో భార్యావియోగము కలిగెను. నాటికి ఆయనకు ముప్పది యేండ్లైనను నిండలేదు. మఱల వివాహము చేసికొనుమని చెప్పువారికి ఆ కాలమున కొదువ యుండదు. ఆయన చేసికొనలేదు. నాటినుండి 1939లో దేహము చాలించువఱకు తెల్లని వస్త్రములనే ధరించెను. ఆ తెలుపు శోకచిహ్నము. కాని దానిని జనులకు చూపి జాలిని యాచింపలేదు. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, తన జీతములో పెద్దభాగమును పేదవిద్యార్థులకు వినియోగించెను. అనాథలకును, అస్పృశ్యులని లోకము దూరముంచిన బాలురకును ఆయన తండ్రియైనాడు. ఒక్క మనిషి పోయినందువలన కలిగిన శూన్యమును ఆయన మూసివేయలేదు. దానికి ద్వారబంధము పెట్టి, దిక్కులేని పిల్లలను ఆ ద్వారమున లోనికి రానిచ్చెను.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు, రాజ్యలక్ష్మమ్మగారు ఇంకొక విధమున మనకు గురువులు. వారి వివాహము 1861లో జరిగెను. నాడు పంతులుగారి వయస్సు పదమూడు. ఆ కాలపు బాల్యవివాహమే యది. దానినుండి పుట్టిన దాంపత్యము మాత్రము కాలమునకు మించినది. 1881 డిసెంబరు 11న పంతులుగారు తమ పట్టణమున మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు ఊరు వారిని వెలివేసెను. వంటవారు రాలేదు, నీరు తెచ్చువారు మానుకొనిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చి, వచ్చినవారికెల్ల వండి వడ్డించిరి. సభలో మాటలాడినవారి పేరు పత్రికలలో పడును. బిందె మోసినవారి భుజము నొప్పి ఏ పత్రికయందును పడదు. ఆ బిందె లేనిదే ఆ సంస్కరణము ఒక్క పూటయైనను నిలువదు.

వారికి సంతానము లేదు. వారి యాశ్రయము కోరి వచ్చిన వితంతువులే వారికి కూతుండ్రైరి. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తిని ఆ ధర్మకార్యములకు సమర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు స్వర్గస్థులైరి. దాదాపు అర్ధశతాబ్దపు సహవాసము ముగిసెను. పంతులుగారు మఱి తొమ్మిదేండ్లు, 1919 మే 27 వఱకు జీవించిరి. ఆ తొమ్మిదేండ్లు ఆయన ఒంటరియే. దేహము కూడ దుర్బలము. కాని ఆయన పూనిన పని ఒంటరిది కాదు. ఆయన నడపిన వితంతు శరణాలయమున ప్రతి కన్యకు అన్నము పెట్టిన చేయి ఆమెది. ప్రతి వివాహమున పందిరి క్రింద తల్లిగా నిలిచినది ఆమె. కావున ఆ పనిని కొనసాగించినంత కాలము ఆమెతో కూడి నడచినట్లే.

దీనినుండి మేము గ్రహించినది యిది. ఇద్దఱు మనుష్యులు ఒకరి మొగము నొకరు చూచుకొనుటయందే తమ ప్రేమనంతయు వెచ్చించిన యెడల, ఒకరు పోయిన దినమున రెండవవారి చూపునకు చోటుండదు. ఇద్దఱును కలిసి మూడవదియగు ఒక మంచిపనిని ప్రేమించిన యెడల, ఒకరు పోయినను ఆ పని మిగిలియుండును. అందు పోయినవారి అడుగుజాడలుండును. కావున వియోగమునకు మందు వియోగమైన తరువాత వెదకునది కాదు. దంపతులు జీవించియుండగనే, తమ గడపకు వెలుపల నున్న యొకరిని కలిసి ప్రేమించుట నేర్వవలెను. మా భార్య అట్టి ప్రేమకు ఆరంభము చేసెను. మమ్ము అందు చేర్చుకొనుటకు ఎన్నిమాఱులు ప్రయత్నించెనో! “ఒక విషయము చెప్పవలెను,” అని ఆమె ప్రారంభించినపుడు, “కాగితములు చూచుకొనుచున్నాము, తరువాత” అని మేమన్న రాత్రులు కొన్ని జ్ఞప్తియందున్నవి. ఆ ‘తరువాత’ రాలేదు. ఇది తీర్పలేని ఋణము.

తీర్పలేని ఋణములను గూర్చియు ఒక మాట చెప్పవలెను. పోయినవారితో కఠినముగా మాటలాడినవారు, క్షమాపణ చెప్పుకొనక ఆలస్యము చేసినవారు, కడపటి చూపునకు అందనివారు మీలోనుందురు. ఆ బాకీని వారికి చెల్లించు మార్గము మూసికొనిపోయినది. అయినను ఋణదాత లేనపుడు ఋణము రద్దగునని యే శాసనమును చెప్పదు. అది వారసులకు చెల్లవలెను. భార్య మాట వినని వాడు కోడలి మాట వినవలెను. తండ్రిని విసిగించినవాడు వీధిలోని వృద్ధుని ప్రశ్నకు ఓపికతో రెండవమాఱు కూడ బదులు చెప్పవలెను. ఇది ప్రాయశ్చిత్తము కాదు, ఇది చెల్లింపు. సర్వమానవులకును తండ్రి యొక్కడే యైనపుడు, ఒక బిడ్డకు చెల్లింపవలసిన ప్రేమను ఇంకొక బిడ్డకు చెల్లించిన ఆయన లెక్కలో జమపడకపోదని మా విశ్వాసము.

ఇక మా మేనత్తగారి సంగతికి వత్తము. ఆ దినమున ఆమె చెప్పిన యింకొక మాట మమ్ము నేటికిని వెంటాడుచున్నది. “నీ భార్య పోయిన దినమున ఊరెల్ల వచ్చి నిన్ను ఓదార్చినది. నా భర్త పోయిన దినమున నన్ను గదిలో కూర్చుండబెట్టి తలుపు దగ్గఱగా వేసినారు. పదవనాడు గాజులు పగులగొట్టినారు. నీకు ఏడ్చుటకైనను తీరిక దొరకినది, నాయనా. నాకు నన్ను చూచి భయపడువారిని తప్పించుకొని తిరుగుటతోనే సరిపోయినది.”

సోదరులారా, ప్రేమవియోగము స్త్రీపురుషులకు సమానమే. దాని తరువాత లోకము చేయు వ్యవహారము మాత్రము సమానము కాదు. భార్యను పోగొట్టుకొన్నవానికి జాలి; భర్తను పోగొట్టుకొన్నదానికి శిక్ష. మాకు సంవత్సరము నిండకముందే రెండవ వివాహపు ప్రస్తావనలు తెచ్చినవారున్నారు. వారిలో ఒక్కరును మా మేనత్తగారిని ఇరువదియైదవ యేట ఏమి కావలెనని అడిగియుండలేదు. వితంతు పునర్వివాహమునకు 1856లోనే శాసనము అనుమతి నిచ్చెను. నాటినుండి చదువు పెరిగినది, ఉద్యోగములు వచ్చినవి, శిరోముండనము తొలగిపోయినది. అయినను పదవనాటి తంతు ఎన్నో యిండ్లలో నేటికిని జరుగుచున్నది. శుభకార్యములలో వెనుక వరుస కుర్చీ నేటికిని ఆమెదే. 2022లో మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లాలోని హెర్వాడ్ అను గ్రామపు పంచాయతి, భర్త పోయిన స్త్రీకి బొట్టు చెఱపుట, గాజులు పగులగొట్టుట మొదలగు ఆచారములను నిలిపివేయవలెనని తీర్మానించెను. ఒక గ్రామపంచాయతి చేయగలిగినదానిని, విద్యాధికులమని చెప్పుకొను మన మొక్కొక్క గృహమున చేయలేమా?

మేము చేసినది చాల చిన్నపని. మఱునాటి ఉదయమున న్యాయస్థానమునకు బయలుదేరుటకు ముందు మేమే లోనికి పోయి ఆమెను ముందు గదిలోనికి రమ్మని కోరితిమి. ఆమె గడప దగ్గఱ ఆగెను. ముప్పది యేండ్ల అలవాటు కాలిని పట్టుకొనియుండెను. తరువాత దాటి వచ్చెను. పాపకు చెల్లవలసిన నాలుగు నెలల సొమ్మును ఆమె చేతికిచ్చి, ఇకమీదట మీ చేతిమీదుగానే యిది నడువవలెనని చెప్పితిమి. ఆనాడు మేము వాదించిన వ్యాజ్యము ఓడిపోయినది. ఆ వార్త ఇంటికి తెలియగా ఆమె రెండవనాటి ఉదయమున రాలేదు. మేము మఱల పోయి పిలిచితిమి. “వ్యాజ్యము ఓడినది మా వాదము బలహీనమై, అత్తా, నీవు ఎదురు వచ్చి కాదు,” అనగా ఆమె నవ్వెను. ఆమె నవ్వు అంత పెద్దదని అంతవఱకు మే మెఱుగము.

పాప నేడు తొమ్మిదవ తరగతిలో నున్నది. ఒకటవ తేదీన గేటు దగ్గఱ నిలువదు. తిన్నగా ముందు గదిలోనికి వచ్చి, మా మేనత్తగారి ప్రక్కన కూర్చుండి, లెక్కలు చేసి చూపి పోవును. రాతి ఫలకమునకిచ్చిన బయానా తిరిగి రాలేదు. మిగిలిన సొమ్ము మిగిలినది. ఆ సొమ్ము పదవ తరగతి దాటి కూడ నడచునని లెక్క కట్టితిమి. చిత్తరువును మాత్రము తీసివేయలేదు. దాని క్రిందనే ఆ యిద్దఱును కూర్చుందురు.

సార్థకమైన జీవితమనగా ఏమని పలువురు మమ్ము అడుగుదురు. గొప్పకార్యములు చేసి పేరు నిలుపుకొనుటయే సార్థకతయని యౌవనమున మేమును తలచితిమి. ఇప్పుడు వేఱుగా తోచుచున్నది. మనము పోయిన తరువాత మన పద్దుల పుస్తకమును ఎవరో తెఱతురు. అందు మనవారికి తెలియని పంక్తి యొకటైనను ఉండవలెను. దాని వెంట పోయినవారికి ఒక ప్రాణి దొరకవలెను. అంతకంటె పెద్ద వీలునామా లేదు. ఇంటికి పోయి నేటి రాత్రియే మూడు ప్రశ్నలు వేసికొనుడు. నాకు ప్రియులై పోయినవారు చేసిన వాగ్దానములలో నేను నెఱవేర్చనిది యేది? వారు ప్రేమించినవారిలో నేను మఱచిన దెవరిని? నా యింటిలోనే గడప కావల నిలిచియున్న దెవరు? మూడవ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కఱలేదు.

ప్రేమస్వరూపుడవగు పరమేశ్వరా! నీవిచ్చినవారిని నీవే పిలిచికొంటివి. ఏల యని యడుగు అధికారము మాకున్నను, తెలిసికొను శక్తి మాకు లేదు. వారితో గడపిన దినములకు నీకు కృతజ్ఞులము. వారియందు మేము చేసిన లోపములను నీ యెదుట ఒప్పుకొనుచున్నాము. మా కన్నీటిని నిరర్థకముగా ఇంకిపోనీయక, ఒక మొక్క మొదట పడునట్లు చేయుము. మా యింటి గడపలను పల్లము చేయుము. మేము చెల్లింపవలసినవారు మా గుమ్మము వఱకు వచ్చినపుడు వారిని గుఱుతించు చూపును మాకు దయచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.